వీఎఫ్‌డీ ఉంటే గేరు అక్కర్లేదా? రెండు రేంజిల స్పిండిల్‌తో నాలుగేళ్లు

మా వర్క్‌షాపు వరంగల్‌లో, ఎనుమాముల మార్కెట్ దగ్గర. పత్తి సీజన్‌లో జిన్నింగు మిల్లుల పని, మిగతా రోజుల్లో రైస్ మిల్లుల బేరింగ్ హౌసింగులు, అప్పుడప్పుడు కరీంనగర్ వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలకు ఫ్లాంజిలు. బ్రిడ్జ్‌పోర్ట్ రకం పాత టరెట్ మిల్లింగ్ మిషన్‌కి సీఎన్‌సీ (కంప్యూటర్ కంట్రోలు) పెట్టించి నాలుగేళ్లు దాటింది. బల్లని కదిలించే సర్వో మోటార్లు, బాల్‌స్క్రూల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మా మిషన్‌లో అవి బాగానే ఉన్నాయి కూడా. ఇలాంటి మిషన్ తీసుకునేటప్పుడు ఎవరూ అడగనిదీ, తర్వాత రోజూ తలనొప్పి తెచ్చేదీ స్పిండిల్ (టూల్‌ని పట్టుకుని తిప్పే ఇరుసు) స్పీడు. అందుకే ఈ సమీక్ష దాని గురించే.

హెడ్‌లో నాలుగు మెట్ల పుల్లీ, కింద బ్యాక్ గేర్ (స్పీడు బాగా తగ్గించే గేరు) ఉన్నాయి. బ్యాక్ గేర్ వేస్తే లో రేంజి, వేయకపోతే హై రేంజి. మోటారు 2 హెచ్‌పీ, నాలుగు పోల్స్‌ది, 50 హెర్ట్జ్‌కి 1440 ఆర్‌పీఎం. దానికి వీఎఫ్‌డీ (కరెంటు హెర్ట్జ్ మార్చి మోటారు స్పీడు మార్చే డ్రైవ్), కంట్రోల్‌కి లైనక్స్‌సీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేర్, దాన్ని మిషన్‌తో కలిపే మీసా 7ఐ76ఈ కార్డు. ఆ కార్డు ఇచ్చే 0–10 వోల్టుల అనలాగ్ సిగ్నల్‌తో వీఎఫ్‌డీ నడుస్తుంది.

ఈ రెట్రోఫిట్ (పాత మిషన్‌కి సీఎన్‌సీ బిగించే పని) చేసినాయన మిషన్ అప్పజెప్పేటప్పుడు అన్న మాట: "వీఎఫ్‌డీ ఉంది కదా సార్, ఇక గేరు ముట్టుకోనే అక్కర్లేదు." బెల్టు మూడో మెట్టు మీద పెట్టి, గేరు లివర్‌ని హై రేంజిలో వదిలేసి వెళ్లిపోయాడు. ఆ మాట సగమే నిజం. హెర్ట్జ్ తగ్గిస్తే స్పీడు తగ్గుతుంది, టార్కు (తిప్పే బలం) దాదాపు అంతే ఉంటుంది, కానీ పవర్ కూడా స్పీడుతో పాటే పడిపోతుంది. 50 హెర్ట్జ్‌కి 2 హెచ్‌పీ ఇచ్చే మోటారు 10 హెర్ట్జ్‌కి ఇచ్చేది అర హెచ్‌పీ కన్నా తక్కువ. అదే స్పీడుని బ్యాక్ గేర్‌లో తీసుకుంటే మోటారు తన జోరులో తను తిరుగుతుంది, స్పిండిల్ దగ్గర టార్కు కొన్ని రెట్లు ఎక్కువ వస్తుంది. వీఎఫ్‌డీ ఉంది కాబట్టి గేరు వద్దనడం, ట్రాక్టర్‌ని టాప్ గేర్‌లో పెట్టి యాక్సిలరేటర్ తగ్గించి దుక్కి దున్నమన్నట్టు.

50 హెర్ట్జ్ పైకి వెళ్తే కథ తిరగబడుతుంది. స్పీడు పెరుగుతుంది, పవర్ అక్కడే ఆగుతుంది, టార్కు తగ్గుతుంది. నేను 80 హెర్ట్జ్ దాటనివ్వను. 20 కిందికి కూడా వీలైనంత వరకు పోను, ఎందుకంటే మోటారు ఫ్యాను దాని షాఫ్టు మీదే ఉంటుంది, షాఫ్టు మెల్లగా తిరిగితే గాలి రాదు. ఈ హద్దుల్లో బెల్టు మూడో మెట్టు మీద హై రేంజి సుమారు 580 నుంచి 2340 ఆర్‌పీఎం, లో రేంజి 70 నుంచి 280.

మధ్యలో ఖాళీ కనిపించిందా? 280కీ 580కీ మధ్య మిషన్‌కి సుఖమైన స్పీడే లేదు. బ్యాక్ గేర్ రేషియో ఎనిమిదికి పైన కావడంతో వచ్చిన చిక్కు ఇది. మాకు ఎక్కువగా పడే పని సరిగ్గా ఆ ఖాళీలోనే ఉంది: మైల్డ్ స్టీల్‌లో 20 మిల్లీమీటర్ల హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్. నిమిషానికి 25 మీటర్ల కటింగ్ స్పీడు లెక్కన దానికి 400 ఆర్‌పీఎం కావాలి. హై రేంజిలో అది 14 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, మోటారు నుంచి వచ్చేది అర హెచ్‌పీ చిల్లర. డ్రిల్ దిగుతుంటే మోటారు మూలుగు మారుతుంది, స్పీడు కుంగుతుంది, చిప్ పొడవుగా చుట్టుకోవడం మానేసి ముక్కలు ముక్కలుగా వస్తుంది. బెల్టు రెండో మెట్టుకి దించితే అదే 400 ఆర్‌పీఎం 21 హెర్ట్జ్ పైన వస్తుంది, ముప్పావు హెచ్‌పీకి పైనే దొరుకుతుంది. ముందు 8 మిల్లీమీటర్ల డ్రిల్‌తో దారి చేసి పెడితే ఇక దిగులు లేదు. ఫ్లాంజిల జాబ్ ఉన్న వారమంతా బెల్టు రెండో మెట్టు మీదే ఉంచేస్తాను. 50 మిల్లీమీటర్ల కార్బైడ్ ఫేస్ మిల్‌కి దాదాపు 950 కావాలి, అదీ అక్కడే వస్తుంది.

ఇక కంట్రోలర్‌కి ఏ రేంజిలో ఉన్నామో ఎలా తెలియాలి? రెట్రోఫిట్‌తో వచ్చిన ఏర్పాటులో స్క్రీన్ మీద హై, లో అని రెండు బటన్లు, అంతే. లివర్ ఒకటి చెబుతుంటే బటన్ ఇంకొకటి చెప్పేది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఈ రకం హెడ్‌లో బ్యాక్ గేర్ వేస్తే స్పిండిల్ తిరిగే దిక్కు కూడా మారుతుంది. లివర్ లో రేంజిలో ఉండి, స్క్రీన్ హై అని నమ్మి, ప్రోగ్రాం 1000 అడిగితే స్పిండిల్ 120 దగ్గర, అదీ ఉల్టా తిరుగుతుంది. మా కుర్రాడి షిఫ్టులో ఎండ్‌మిల్ అలాగే జాబ్‌లోకి వెళ్లి, కోయడం మానేసి రుద్దుకుంటూ పోయి, నీలం రంగుకి తిరిగి విరిగింది. కుర్రాణ్ణి అనడానికేముంది, మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పని కాదిది.

నేను మార్పించింది చిన్నదే. హెడ్ మీద ఉన్న రెండు లివర్లకీ రెండు లిమిట్ స్విచ్‌లు. రెండూ హై అంటే హై, రెండూ లో అంటే లో. ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటే గేరు సరిగ్గా పడలేదని అర్థం, అప్పుడు లైనక్స్‌సీఎన్‌సీలోని ఇన్‌హిబిట్ పిన్ (ఆపే సిగ్నల్) స్పిండిల్‌ని తిరగనివ్వదు. లైనక్స్‌సీఎన్‌సీ సిగ్నళ్లను కలిపే హాల్ ఫైల్‌లో ఒక మక్స్ (రెండు విలువల్లో ఒకటి ఎంచేది) ఈ స్విచ్‌ని బట్టి గుణకం ఎంచుకుంటుంది, లో రేంజి గుణకానికి ముందు మైనస్ గుర్తు. తర్వాత ఉన్న ఏబీఎస్ కాంపొనెంట్ వోల్టేజ్‌ని ఒకవైపు, దిక్కుని ఒకవైపు విడదీసి ఫార్వర్డ్, రివర్స్ రిలేలకు పంపుతుంది. ఎం3 (స్పిండిల్‌ని ముందుకు తిప్పే ఆదేశం) అంటే ఏ గేరులోనైనా టూల్ కోసే దిక్కుకే తిరుగుతుంది. మొత్తం ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఇదే, రెండు స్విచ్‌లూ కలిపి ఒక మంచి కార్బైడ్ ఎండ్‌మిల్ ధర కూడా కాలేదు. మాక్3 అనే ఇంకో సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్‌లోనూ పుల్లీ సెట్టింగులున్నాయి, కానీ చేత్తో ఎంచుకోవాలి. లివర్ మారిన సంగతి దానంతట దానికి తెలియదు.

బెల్టుకి మాత్రం స్విచ్ లేదు, దానికి స్క్రీన్ మీద బటనే. అయినా టెన్షన్ లేదు. ఇప్పుడు స్పిండిల్ ముక్కు దగ్గర ఎన్‌కోడర్ (తిరిగే స్పీడుని కొలిచేది) ఉంది కాబట్టి అడిగిన స్పీడుకీ వచ్చిన స్పీడుకీ పొంతన లేకపోతే ఫీడ్ (కోస్తూ ముందుకు కదలడం) మొదలే కాదు.

దీంట్లోనూ ఒక చిరాకు ఉంది. స్పిండిల్ మొదలయ్యాక గానీ, స్పీడు మారాక గానీ, మొదటి ఫీడ్ కదలికకు ముందు లైనక్స్‌సీఎన్‌సీ ఎట్-స్పీడ్ పిన్ (అడిగిన స్పీడు వచ్చిందనే సిగ్నల్) కోసం ఆగుతుంది. ఆ రేంజిలో రాని స్పీడు ప్రోగ్రాంలో ఉంటే ఆ పిన్ ఎప్పటికీ రాదు. మిషన్ ఊరికే నిలబడి ఉంటుంది, స్క్రీన్ మీద ఎర్రర్ లేదు, ఏమీ లేదు. కొత్తవాళ్లు హ్యాంగ్ అయిందనుకుని ఎమర్జెన్సీ స్టాప్ నొక్కుతారు. అడిగిన స్పీడు రేంజి బయట ఉంటే "గేరు మార్చండి" అని మెసేజ్ వచ్చేలా పెట్టుకున్నాక గోల తగ్గింది. అడిగిన స్పీడూ వచ్చిన స్పీడూ దగ్గరగా ఉన్నాయో లేదో చూసే నియర్ కాంపొనెంట్‌లో తేడాని శాతంలోనే ఇచ్చుకోండి. 20 ఆర్‌పీఎం తేడా హై రేంజిలో లెక్కలోది కాదు, 80 ఆర్‌పీఎం దగ్గర మాత్రం అది పావు వంతు.

లో రేంజి అసలు సుఖం ట్యాపింగ్‌లో (రంధ్రంలో మర కోయడం) తెలుస్తుంది. జీ33.1 అనే ట్యాపింగ్ ఆదేశంతో ఎం12 (12 మిల్లీమీటర్ల మర) ట్యాపుని 120 ఆర్‌పీఎం దగ్గర వదిలితే చక్కగా దిగి, ఆగి, వెనక్కి వస్తుంది. రివర్స్ అయ్యేలోపు ట్యాప్ ఇంకాస్త దిగుతుంది కాబట్టి మూసుకున్న రంధ్రాల్లో అడుగున చోటు వదలాలి. వీఎఫ్‌డీకి బ్రేకింగ్ రెసిస్టర్ ఉండాలి, లేకుంటే స్పీడు త్వరగా తగ్గించినప్పుడల్లా ఓవర్ వోల్టేజ్ ట్రిప్. గేరు చేత్తోనే మార్చాలి కాబట్టి ట్యాపులన్నీ ప్రోగ్రాం చివర పెట్టుకుంటాం, మధ్యలో ఒక్క ఎం0 (ప్రోగ్రాంని ఆపే ఆదేశం). లో రేంజి నుంచి హై రేంజికి వచ్చేటప్పుడు స్పిండిల్‌ని చేత్తో కొంచెం తిప్పితే గానీ క్లచ్ పళ్లు కూర్చోవు.

చిన్న కార్బైడ్ టూల్స్‌కి ఈ మిషన్ పనికిరాదు. 6 మిల్లీమీటర్ల ఎండ్‌మిల్‌కి నిమిషానికి 100 మీటర్లంటే 5300 ఆర్‌పీఎం. పాత హెడ్ బేరింగులతో ఆ ఆశ పెట్టుకోకూడదు.

ఎండాకాలం మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. వెనక విడిగా ఒక బ్లోయర్ బిగించాక మెల్లటి స్పీడుల్లో కూడా వేడి అదుపులో ఉంది. పత్తి సీజన్‌లో మాత్రం వీఎఫ్‌డీ ఫ్యాన్‌లోకి దూది పోగులు చేరి జాలీని మూసేస్తాయి, వారం వారం ఊదాల్సిందే.

ఇంకా తేలనిది ఎన్‌కోడర్ సెన్సార్ల సంగతి. వాటి బ్రాకెట్ క్విల్‌తో (స్పిండిల్‌ని పైకీ కిందికీ జరిపే గొట్టం) పాటే పైకీ కిందికీ పోతుంది, దాంతో కేబుల్ ఒకేచోట వంగి వంగి లోపల తెగుతోంది. ప్రాక్సిమిటీ సెన్సార్ల మీద ఇనుప చిప్స్ చేరితే స్పీడు అంకె పిచ్చిగా ఎగురుతుంది, ట్యాపింగ్‌కి ముందు బ్రష్‌తో తుడవకపోతే ట్యాప్ గతి అంతే. రేకు మూత ఒకటి చేయించాను, కేబుల్‌కి డ్రాగ్ చైన్ బిగించడం మిగిలింది.