ఏలూరు రోడ్డు రైటరు గారి దగ్గర మా ‘షరాబు’ వారి వంశవృక్షం చేయించాం: ఎలా ఉందంటే

మా నాన్నగారి శతజయంతికి పుట్టింటి వారి వంశవృక్షం అచ్చు వేయించి అందరికీ పంచుదామని తమ్ముడూ నేనూ అనుకున్నాం. విజయవాడలో ఇలాంటి పని చేసే ఒక పెద్దాయన దగ్గర చేయించాం. తన పేరు ఎక్కడా వేయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులు దాటి పక్క సందులోకి తిరిగితే మేడ మీద గది. బోర్డు లేదు. కింద టీ కొట్టులో రైటరు గారు అని అడిగితే చూపిస్తారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర జీవితమంతా దస్తావేజులు రాసిన మనిషి. ఇప్పుడు పాత కాగితాలు చదివిపెట్టడం, వంశవృక్షాలు రాయడం చేస్తున్నారు.

మాది గుంటూరు. నా పుట్టింటి ఇంటిపేరు షరాబు. చిన్నప్పుడు మా ఊళ్ళో ఆ ఇంటిపేరున్న ఇల్లు మాదొక్కటే నాకు తెలుసు. బళ్ళో పిల్లలు ‘సారా వాళ్ళు’ అని ఏడిపించేవాళ్ళు. తమ్ముడు ఆ బాధ పడలేక టెన్త్ సర్టిఫికెట్లో ఒట్టి ‘ఎస్’ వేయించుకున్నాడు. నేను మాత్రం పెళ్ళై ఇంటిపేరు మారినా ఈనాటికీ ఎవరైనా షరాబు వారమ్మాయి అంటే వెంటనే వెనక్కి తిరుగుతాను.

రైటరు గారి దగ్గరికి వెళ్ళే ముందు ఇంటర్నెట్లో ఒక సైటుకు డబ్బు కట్టి ఇంటిపేరు రిపోర్టు తెప్పించాం. ప్రపంచ పటం, రంగులు, శాతాలు, అన్నీ అందంగా ఉన్నాయి. మహారాష్ట్ర, గుజరాత్, రాజస్థాన్ ముదురు రంగులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ దాదాపు ఖాళీ. సరాఫ్, ష్రాఫ్, షరాబు అన్నీ ఒకే కుటుంబంగా లెక్కగట్టి, ముంబయిలో ఎవరెవరో మీ బంధువులు కావచ్చని చెప్పింది. ఆ డబ్బు దండగే. సరాఫ్ అనేది అరబ్బీ, పారశీ భాషల నుంచి వచ్చిన ఉద్యోగం పేరు. నాణేలు పరీక్షించి, మార్చి ఇచ్చే మనిషి అన్నమాట. పారశీ రాజభాషగా ఉన్న రోజుల్లో ఆ ఉద్యోగం దేశమంతా ఉండేది. కాబట్టి మరాఠీ వాళ్ళలో సరాఫ్‌లు, గుజరాతీ, పార్సీ కుటుంబాల్లో ష్రాఫ్‌లు, మన దగ్గర షరాబులు ఎవరికి వారుగా పుట్టారు. చేసిన పని ఒకటే కానీ రక్తసంబంధం ఏమీ లేదు.

రైటరు గారు మమ్మల్ని మొదట గోత్రం అడగలేదు. “ఇంట్లో పాత కాగితాలు ఏమున్నాయమ్మా?” అని అడిగారు. నాయనమ్మ ట్రంకు పెట్టెలో అడుగున ఎవరమూ చదవలేని స్టాంపు కాగితం ఒకటి ఉండేది. గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి రాస్తారు కదా, తెలుగు టీచరుగా రిటైరైన నాకే ఒక్క ముక్క అంతుపట్టలేదు. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, వేలు పెట్టి వరస తప్పకుండా చదువుకుంటూ పోయారు. అది జామీను పత్రం. మా నాన్నగారి ముత్తాత తాలూకా ఖజానాలో షరాబు పనికి చేరుతూ, తన వల్ల సర్కారు సొమ్ముకు లోటు వస్తే దానికి జవాబుగా ఇల్లూ దొడ్డీ తాకట్టు పెడుతున్నట్టు రాసి ఇచ్చిన కాగితం. అది వింటుంటే తమ్ముడికి నోట మాట రాలేదు. ఇన్నాళ్ళూ మేం సిగ్గుపడిన ఇంటిపేరు కోసం ఆయన ఇల్లు పణంగా పెట్టాడు.

ఆ కాగితం తేదీ కట్టిన తీరు చూస్తే రైటరు గారి పనితనం తెలుస్తుంది. కాగితం మీద బహుధాన్య నామ సంవత్సరం అని ఉంది. అరవై ఏళ్ళకోసారి వచ్చే పేరు అది. 1818 కావచ్చు, 1878 కావచ్చు, 1938 కూడా కావచ్చు. పక్కనే మసకగా ఫసలీ 1288 అని ఉంది. ఫసలీ అంటే శిస్తు లెక్కలకు సర్కారు వాడిన సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది, అది జూలైలో మొదలవుతుంది. కాబట్టి 1878-79. రెండూ కలిశాయి. ఇంకో మాట చెప్పారు. అప్పటికి గుంటూరు జిల్లా లేనే లేదు. 1859లో దాన్ని రద్దు చేసి ఈ ప్రాంతాన్ని బందరు కేంద్రంగా కృష్ణా జిల్లాలో కలిపారు. మళ్ళీ గుంటూరు జిల్లా ఏర్పడింది 1904 అక్టోబరులో. మధ్యలో ఆ నలభై అయిదేళ్ళ సర్కారు కాగితాలు గుంటూరు పేరుతో వెతికితే ఎందుకు దొరుకుతాయి? మా తమ్ముడు గుంటూరులో ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగింది ఇందుకే. తాతలు గుంటూరు వాళ్ళని గుంటూరులోనే వెతుకుతున్న వాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి.

షరాబు ఏం చేసేవాడో కూడా ఆయన దగ్గరే నాకు వివరంగా తెలిసింది. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు గుంటూరు సర్కారును, అంటే ఈ ప్రాంతాన్ని, చేతిలోకి తీసుకున్నది 1788లో. అప్పుడు బజారులో ఒక నాణెం కాదు. మద్రాసు వరహాలు, ఆర్కాటు రూపాయలు, ఫణాలు, బందరు రాగి డబ్బులు, అన్నీ కలిసి తిరిగేవి. కంపెనీ లెక్కలో వరహాకు మూడున్నర రూపాయలు, లేదంటే 42 ఫణాలు. బజారు లెక్క మాత్రం వేరు. ఊరు మారితే ధర మారేది. రైతు శిస్తు కట్టడానికి మూట విప్పితే, కచేరీలో కూర్చున్న షరాబు ఒక్కో నాణెం తీసి రాతి మీద మోగించి, తూచి, బంగారమైతే గీటురాయి మీద గీసి చూసేవాడు. అరిగిపోయినవాటికీ కోసినవాటికీ వట్టం కింద విలువ తగ్గించేవాడు. 1835లో కంపెనీ తన రాజ్యమంతటికీ ఒకే రూపాయి తెచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా తులం. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. అప్పటి నుంచి మారకం పని తగ్గి, లెక్కపెట్టడం, దొంగ నాణెం ఏరడం మిగిలాయి. ఉద్యోగం మాత్రం పోలేదు. మా ముత్తాతల కాలానికి చేసింది ఈ రెండో రకం పనే.

ఇక్కడ ఒక విషయం రాయకుండా ఉండలేను. రైతు ఎండనపడి తెచ్చిన రూపాయి ముప్పాతిక పలుకుతుందా, పూర్తిగా పలుకుతుందా అన్నది షరాబు నోటిమాట మీద ఉండేది. రైతుకు ఆ లెక్క తెలియదు, అడిగే దిక్కూ లేదు. మా వాళ్ళు అందరితో న్యాయంగా ఉన్నారో లేదో ఆ జామీను పత్రం చెప్పదు. తమ్ముడు ఉత్సాహం పట్టలేక వంశవృక్షం పైన ‘రాజుల కోశాధికారుల వంశం’ అని వేయమన్నాడు. రైటరు గారు ఒప్పుకోలేదు. “కాగితంలో ఉన్నది రాస్తాను బాబూ, లేనిది నా చేత రాయించకండి” అన్నారు. ఎంత డబ్బిస్తే అంత గొప్ప వంశం తయారుచేసి ఇచ్చే వాళ్ళని మా బంధువుల ఇళ్ళల్లో చూశాను. ప్రతి ఇంటికీ ఒక రాజు, ఒక మంత్రి, తామ్రశాసనం. ఆయన మీద నాకు గురి కుదిరింది ఆ మాటతోనే.

ఇక మా ఇంటిపేరు ఇంత అరుదు ఎందుకైంది? దీనికి ఆయన చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. ఊరి లెక్కలు రాసే కరణం కూడా ఉద్యోగం వల్ల వచ్చిన ఇంటిపేరే. కానీ కరణం ఊరూరా ఉండేవాడు. 1984 జనవరిలో ప్రభుత్వం కరణాలు, మునసబుల ఉద్యోగాలు తీసేసే దాకా ఏ ఊరికి ఆ ఊళ్ళో కరణం ఇల్లు ఉండేది. అందుకే ఆ ఇంటిపేరు రాష్ట్రమంతా, ఎన్నో కులాల్లో కనిపిస్తుంది. షరాబు ఊరికొకడు అక్కర్లేదు. తాలూకా కచేరీకి ఒకరో ఇద్దరో చాలు, రేవు పట్నాల్లో ఇంకొందరు. కాబట్టి షరాబు వాళ్ళని పల్లెల్లో కాదు, పాత కచేరీ ఊళ్ళలో, బందరు లాంటి చోట్ల వెతకాలన్నారు. అలా వెతికితే నిజంగానే దొరికారు. బందరులో ఒక ఇల్లు, బాపట్ల వైపు ఒకటి, నరసరావుపేటలో ఇంకొకటి.

దొరికిన వాళ్ళందరూ మావాళ్ళు కారు. నరసరావుపేట వాళ్ళ కులమే వేరు. బాపట్ల వాళ్ళ గోత్రం వేరు. మన ఇళ్ళలో ఇంటిపేరు ఒకటని వినగానే అన్నదమ్ముల వరస అనేస్తారు, మంచి సంబంధాలు కూడా వదిలేసుకుంటారు. ఊరి పేరు మీదో పని పేరు మీదో వచ్చిన ఇంటిపేర్లకు ఆ లెక్క పనికిరాదు. గోత్రం, మూడు తరాల పేర్లు, ఇలవేల్పు, ఇవన్నీ కలిస్తేనే దాయాదులు. బందరు వాళ్ళవి మాతో చాలా వరకు కలిశాయి. ఒక్క తరం దగ్గర ఆధారం లేదు. ఆయన ఆ చోట గీత గీయకుండా చుక్కలు పెట్టారు. తమ్ముడికి నచ్చలేదు. నాకు మాత్రం ఆ చుక్కలే ఈ పని మొత్తంలో నిజాయితీగా అనిపించాయి.

వెతకడంలో అసలు కష్టం ఎక్కడుందో కూడా అప్పుడే అర్థమైంది. తెలుగువాళ్ళ ఇంటిపేరు పేరుకి ముందు ఒక పొడి అక్షరంగా దాక్కుంటుంది. ఓటర్ల జాబితాలో ‘ఎస్’ అని ఉన్న మనిషి షరాబో, శనగపల్లో, సోమిశెట్టో ఎలా తెలుస్తుంది? మా తమ్ముడి సర్టిఫికెట్ కూడా అంతే. ఏ సైటుకూ వాడు షరాబు అని తెలియదు. పూర్తిగా రాసినచోట కూడా తెలుగులో శరాబు, సరాబు, షరాఫు. ఇంగ్లీషులో ఎస్ తర్వాత హెచ్ ఉంటుంది, ఉండదు. చివర యు ఒకచోట, ఎఫ్ ఇంకోచోట. దీనికి తోడు 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాయి. నరసరావుపేట పల్నాడులోకి, బాపట్ల వేరే జిల్లాగా వెళ్ళాయి. నిన్న గుంటూరు లెక్కలో ఉన్నవాళ్ళు ఇవాళ మూడు జిల్లాల్లో ఉన్నారు. ఆ రంగుల పటం ఆంధ్రాను ఖాళీగా చూపించిందంటే మేం లేక కాదు. ఇక్కడ ఇంటిపేరు దొరికేది పాత అమ్మకం దస్తావేజుల్లో. కొన్నవాడు, అమ్మినవాడు, తండ్రి పేరు, ఊరు, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాస్తారు. ఇనాం భూములున్న వాళ్ళకైతే, ఆ భూములు ఎవరివో సర్కారు విచారించి రాసిన 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు ఉన్నాయి. ఆ తర్వాత పెళ్ళి శుభలేఖలు. మా మేనత్త దాచిన శుభలేఖల కట్ట చూసి రైటరు గారు ఎంత సంతోషపడ్డారో! పాత పత్రికలు చూడాలంటే 1918 నుంచి ఉన్న వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళమన్నారు. ఆ పని ఇంకా తమ్ముడి మీద ఉంది.

ఆయనతో నాకు పేచీ వచ్చింది ఆడపిల్లల దగ్గర. మొదటి చిత్తులో ఒక్క ఆడపేరు లేదు. పాత పద్ధతి అదేనమ్మా, ఇంటిపేరు మగపిల్లల వెంటే పోతుంది కదా అన్నారు. మా నాన్నగారి తాతగారు దత్తత వచ్చారు. అంటే ఆయన పుట్టింది షరాబు ఇంటిపేరుతో కాదు, వాళ్ళ ఇంటి ఆడపిల్ల కొడుకు. ఆ ఆడపిల్ల లేకపోతే ఇంటిపేరు అక్కడే ఆగిపోయేది. ఆవిడ పేరు లేకుండా ఇది ఏం వంశవృక్షం అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అందరు కూతుళ్ళ పేర్లూ, కోడళ్ళ పుట్టింటి పేర్లూ చేర్చి మళ్ళీ రాశారు. అదనంగా డబ్బు అడగలేదు. మీరు వెళ్తే ఈ మాట మొదటి రోజే చెప్పండి, లేకపోతే పాత పద్ధతిలోనే రాసేస్తారు.

మాకు తొమ్మిది వేలు తీసుకున్నారు. నకళ్ళ ఫీజులు, ఊళ్ళు తిరిగిన చార్జీలు మనవే. చెప్పిన గడువుకు ఇవ్వలేదు. ఫోన్ ఎత్తరు, ఎత్తినా పని సంగతి అడిగితే కోప్పడతారు. మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ఎక్కలేరు. అలాంటప్పుడు కబురు పెడితే ఆయనే కిందికి దిగి టీ కొట్టు బల్ల దగ్గర కూర్చుంటారు. అచ్చు పని ఆయన చేత చేయించొద్దు. ఆయన తనకు తెలిసిన చోట వేయించిన కాగితం పలచగా ఉంది, లామినేషన్ అప్పుడే లేచింది. చేతిరాత ప్రతి తీసుకుని బీసెంట్ రోడ్డులోనో గుంటూరు బ్రాడీపేటలోనో మంచి డీటీపీ షాపులో వేయించుకోండి. మేం రెండోసారి అలాగే వేయించాం.

రెండు తరాల పేర్లతో గోడకు తగిలించుకునే పటం చాలనుకునే వాళ్ళకు ఈయన అనవసరం. మీ ఇంటిపేరు అరుదైనదై, పెట్టె అడుగున చదవలేని కాగితం ఏదైనా ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. గొలుసుకట్టు చదివే వాళ్ళు చాలా కొద్దిమందే మిగిలారు, ఈయనకు ఒక కంటికి శుక్లం ముదిరింది. అసలు కాగితాలు వదిలి రావద్దు. ఫోటోలు తీసి పెద్దగా ప్రింటు వేయించుకెళ్ళండి, ఆయనకు అదే సుఖం. ఉదయం పదింటి నుంచి ఒంటిగంట దాకా ఉంటారు, ఆదివారం ఉండరు.