బొలోన్యాలో ఒక చిన్న ట్రాటోరియా: భోజనం, కొలువు

ఇటలీలోని బొలోన్యా పాత నగరంలో స్తంభాల వరండాల కింద ఉన్న ఒక చిన్న కుటుంబ భోజనశాల (అక్కడి మాటలో ట్రాటోరియా) గురించి రాస్తున్నాను. ఇందులో మెప్పుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి కనుక పేరు చెప్పడం లేదు. అక్కడ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రోజుల్లో ఆ వంటింట్లో సహాయకుడిగా పనిచేశాను; మానేసిన తరువాత బిల్లు కట్టి తిన్నాను కూడా. ఆ ఊరికి చదువుకోసం వస్తున్న తెలుగు విద్యార్థులు చాలామందే ఉన్నారు కాబట్టి తిండి, కొలువు రెండింటి సంగతీ చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: అక్కడ చేత్తో చేసే పాస్తా కోసం వెళ్ళవచ్చు, మిగతా వంటకాల కోసం వెళ్ళనక్కరలేదు.

మెనూ మీద దాదాపు ప్రతి వంటకం పక్కనా ఇంట్లో చేసినదనే రాసి ఉంటుంది. పాస్తా విషయంలో అది అక్షరాలా నిజం. పొద్దున్నే యజమాని తల్లి వచ్చి, పెద్ద చెక్క పలక మీద మెత్తని గోధుమపిండిని కుప్పగా పోసి, మధ్యలో గుంట చేసి, నూరు గ్రాముల పిండికి ఒక గుడ్డు చొప్పున కొట్టి కలుపుతారు. నీళ్ళు, నూనె, ఉప్పు ఏవీ వేయరు. ముద్దను అరచేతి మడమతో చాలాసేపు పిసికి, మూతపెట్టి అరగంట వదిలేసి, ఆ తరువాత మూరకు మించిన పొడవున్న కర్రతో పలకంత వెడల్పున పలచగా సాగదీస్తారు. ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు కనిపించాలన్నది ఆవిడ పరీక్ష. యంత్రపు ఉక్కు రోలర్ల మధ్య నలిగిన పిండి నున్నగా జారిపోతుందని, చెక్క మీద సాగిన పిండికి సన్నని గరుకుదనం వచ్చి మాంసపు కూర దానికి పట్టుకుంటుందని ఆవిడ వాదన. రెండూ తిన్నాను, ఆవిడ మాటే నిజం.

ఆ రేకును కాస్త ఆరనిచ్చి, మడతలు పెట్టి, కత్తితో పట్టీలుగా కోస్తే తాల్యతెల్లే అనే పాస్తా అవుతుంది. ఉడికిన తరువాత దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని ఆ నగర వాణిజ్య మండలిలో 1972లో నమోదు చేసి, బంగారంతో చేసిన నమూనాను కూడా భద్రపరిచారు. మా వంటింట్లో కొలబద్ద ఉండేది కాదు. ఉడికితే ఉబ్బుతుందని తెలిసిన చేయి దానికి తగ్గట్టు కొంచెం సన్నంగానే కోసేది. అంచుల్లో మిగిలిన వంకర ముక్కలు చిక్కుళ్ళ సూప్‌లోకి పోయేవి. ఆ సూప్ మెనూలో ఉండదు, అడిగితే మాత్రం ఒక్కోసారి పెడతారు.

తాల్యతెల్లే మీద వేసే మాంసపు కూరను రగూ అంటారు. ఎర్రని టమాటా గ్రేవీ వస్తుందని ఊహించుకుని వెళ్ళినవారికి ఇది మొదట నిరాశ కలిగించవచ్చు. గొడ్డుమాంసం, పంది కడుపుభాగపు మాంసం, ఉల్లి, క్యారెట్, సెలెరీ, వైన్, కొద్దిగా టమాటా, పాలు కలిసి సన్నని సెగ మీద గంటల తరబడి మగ్గిన ముదురు గోధుమరంగు పొడికూర అది. మసాలా ఘాటు ఏమాత్రం లేదు. ఉన్న రుచంతా ఓపికగా మగ్గించడం వల్ల వచ్చినదే. దీన్ని స్పగెట్టి మీద వేయమని అడిగితే వడ్డించే అబ్బాయి మర్యాదగానే కాదంటాడు.

చలికాలంలో వెళ్తే పస్సతెల్లి తప్పక తినాలి. రొట్టెపొడి, పర్మిజానో జున్ను, గుడ్లు, జాజికాయ కలిపిన ముద్దను మన జంతికల గొట్టానికి అన్నదమ్ముడిలా ఉండే సాధనంతో నేరుగా మరిగే మాంసరసంలోకి వత్తుతారు. ఆ పని నాకు అప్పగించిన మొదటి రోజే చేయి తిరిగిపోవడం చూసి ఆవిడ ఆశ్చర్యపోయారు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. జున్ను, ఆకుకూర నింపి, వెన్నలో సేజ్ అనే సువాసన ఆకులతో కలిపి ఇచ్చే తోర్తెల్లోని అనే పాస్తా చూడడానికి మనకు సరిపోయేదిగానే ఉంటుంది. కానీ అందులో పడే పర్మిజానో జున్నును దూడ కడుపునుంచి తీసే రెనెట్ అనే పదార్థంతో గడ్డకట్టిస్తారు, పాస్తాలో గుడ్డు ఎలాగూ ఉంటుంది. ఉల్లిపాయలు, టమాటాలు మగ్గించి చేసే ఫ్రిజ్జోనెలో కూడా సంప్రదాయం ప్రకారం పందికొవ్వు పడుతుంది. పట్టింపు ఉన్నవారు ప్రతిదీ అడిగి తెలుసుకోవాలి.

ఇక లోపాలు. మెనూలో కొన్ని పేర్ల పక్కన చిన్న నక్షత్రపు గుర్తు (*) ఉంటుంది. అది చలిలో గడ్డకట్టించి నిల్వ ఉంచిన (ఫ్రోజెన్) సరుకు వాడారని తెలపడానికి. వేయించిన కణవ చేపలు (స్క్విడ్) అక్కడ ఎప్పుడూ ఆ గుర్తుతోనే ఉండేవి, రుచి కూడా అలాగే ఉండేది. తిరమిసు అనే కాఫీ రుచి తీపి వంటకం బయటినుంచి పెట్టెల్లో వచ్చేది, ఇంటిదన్న ముద్ర మాత్రం దానికీ ఉండేది. అది నాకు నచ్చలేదు. గది ఇరుకు, శుక్ర శనివారాల్లో పక్కవారి మాట వినిపించనంత గోల. బిల్లులో తలకింత అని రొట్టె, బల్ల ఖర్చు విడిగా కలుస్తుంది. అది అక్కడి ఆనవాయితీ, మోసం కాదు. ముందుగా ఫోన్ చేయకుండా రాత్రి భోజనానికి వెళ్తే చోటు దొరకడం కష్టం.

కొలువు సంగతికి వస్తే, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు నాకు తారసపడలేదు. పాత్రలు తోమడంతో మొదలుపెట్టినవాణ్ణి తోర్తెల్లీని అనే, లోపల మాంసం నింపే చిట్టి పాస్తా మడిచేదాకా రానిచ్చారు. ఒక్కొక్కటి చిటికెనవేలి కొన చుట్టూ తిప్పి మూయడం వచ్చేసరికి చాలా పిండి చెత్తబుట్ట పాలైంది, ఎవరూ కసురుకోలేదు. సాయంత్రం తలుపులు తెరిచేముందు అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తినడం అక్కడ నియమం. గొడ్డుమాంసం తిననివారికి వేరుగా వండిపెట్టేవారు కూడా.

జీతం విషయంలో మాత్రం అంత శ్రద్ధ కనిపించలేదు. ఇటలీలో విద్యార్థి నివాస అనుమతి పత్రం మీద వారానికి 20 గంటలు, ఏడాది మొత్తానికి 1040 గంటలకు మించి పనిచేయకూడదు. ఒప్పందంలో అంతకన్నా తక్కువే రాసి, రద్దీ రోజుల్లో పైగంటలు చేయించుకుని, వాటి డబ్బు చేతికి ఆలస్యంగా ఇచ్చేవారు. పైగంటలు కాగితం మీద లేకపోతే రేపు అనుమతి పొడిగింపు వేళ చిక్కులు ఎదురయ్యేది విద్యార్థికే. అక్కడ చేరదలచినవారు గంటలు, చెల్లింపు తేదీ రాయించుకుని, నెలనెలా జీతపు చీటీ ఇస్తారని ఖాయపరచుకున్నాకే ఏప్రన్ కట్టుకోవాలి.