కొత్త బాల్ పైథాన్‌కి ఏ ఇల్లు మేలు: గాజు ట్యాంకా, ప్లాస్టిక్ టబ్బా, పీవీసీ పెట్టా?

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లలో బాల్ పైథాన్ అనే చిన్నరకం కొండచిలువని పెంచేవాళ్లు నాకు తెలిసినంతలోనే చాలామంది అయ్యారు. పిల్లలు రెప్టైల్ షోకి వెళ్లి ఒకసారి చేతిలోకి తీసుకుంటే చాలు, ఇక ఇంటికొచ్చాక వదలరు. పాము ఇంటికి చేరిన పదో రోజుకో పదిహేనో రోజుకో నాకు మెసేజ్ వస్తుంది, అందరిదీ ఒకటే ప్రశ్న: "తినట్లేదండీ, ఎప్పుడు చూసినా మూలకే ఉంటోంది, ట్యాంక్ మార్చాలా? టబ్ మంచిదంటున్నారు, పీవీసీ మంచిదంటున్నారు, ఏది కొనాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడే రాసేస్తే నయమనిపించింది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా ఏ హీటరూ పెట్టకూడదని, కరెంటుతో వేడెక్కే హీట్ రాక్ జోలికి వెళ్లకూడదని, సీడర్ (దేవదారు) చెక్క పొట్టు పరవకూడదని మీకు ఇప్పటికే తెలుసనుకుని నేరుగా విషయానికి వస్తాను.

కొలతలు, ధర, అందం అన్నీ తర్వాత. నా లెక్కలో ముందు చూడాల్సింది ఒక్కటే: పాము దాక్కున్న చోటే దానికి వెచ్చగా కూడా ఉంటుందా? బాల్ పైథాన్ ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల జీవి, పగలంతా ఎలుక కలుగుల్లోనో చెదపుట్టల్లోనో పడుకుని చీకటి పడ్డాక బయటికొస్తుంది. పుట్ట లోపల చీకటి, వేడి, తేమ మూడూ ఒక్కచోటే దొరుకుతాయి. మనం ఇంట్లో ఏం చేస్తామంటే వేడి ఒక చివర లైటు కింద పెడతాం, దాక్కునే గూడు ఇంకో చివర పెడతాం, తేమేమో నీళ్లగిన్నె చుట్టూ మాత్రమే ఉంటుంది. ఇక పాము వేడి, దాపు రెండింట్లో ఒకటి వదులుకోవాలి. కొత్త చోటికొచ్చి బెదిరిపోయిన పాము ఎప్పుడూ దాక్కోవడానికే మొగ్గుతుంది, చల్లగా ఉన్నా సరే ఆ గూట్లోనే ఉండిపోతుంది. ఒంట్లో వేడి లేకపోతే తిన్నది అరగదు, అందుకే అది తినడం మానేస్తుంది. మీరు మొండితనం అనుకుంటున్నది చాలాసార్లు ఇదే. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు పెట్టె ముందు కూర్చుని కాసేపు చూసి, "దీనికి పుట్ట ఎక్కడమ్మా?" అని అడిగారు. ఏళ్ల తరబడి నాగులచవితికి పుట్టలో పాలు పోసిన మనిషి కదా, అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

కాబట్టి ఏ ఇల్లు కొన్నా అందులో అచ్చం ఒకేలాంటి హైడ్‌లు, అంటే దాక్కునే గూళ్లు, రెండు ఉండాలి, వెచ్చని వైపొకటి, చల్లని వైపొకటి. పాము చుట్ట చుట్టుకుంటే వీపు, పక్కలు గోడలకి తగిలేంత ఇరుకుగా, ఒక్క చిన్న ద్వారంతో ఉండాలి. సగం చెట్టు మొద్దులా రెండువైపులా తెరిచి ఉండేవి ఫోటోల్లో బాగుంటాయి గానీ వాటిలో పాముకి ధైర్యం రాదు. వెచ్చని వైపు హైడ్ లోపల నేల మీద 88 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లని వైపు 76 నుంచి 80, తేమ 60 శాతం చుట్టుపక్కల, కుబుసం విడిచే రోజుల్లో ఇంకాస్త ఎక్కువ. థర్మామీటర్ ప్రోబ్‌ని గోడకి కాకుండా హైడ్ లోపల పెట్టి చూడండి, అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. ఇప్పుడు ఈ కొలతలు ఏ ఇంట్లో తేలిగ్గా నిలబడతాయో చూద్దాం.

గాజు ట్యాంక్ దగ్గర మొదలుపెడదాం, ఎక్కువమంది కొనేది అదే కాబట్టి. ఏ పెట్ షాపుకి వెళ్లినా ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది, పిల్లలు నాలుగువైపుల నుంచీ చూడొచ్చు. కానీ పాము వైపు నుంచి చూస్తే ఆ నాలుగువైపులే ఇబ్బంది. సోఫా దగ్గర ఎవరు నడిచినా, కుక్క వచ్చి మూతి పెట్టినా అన్నీ దానికి కనిపిస్తుంటాయి. పైన జాలీ మూత కాబట్టి వేడి, తేమ రెండూ పైకి పోతాయి. ఇక్కడ చలికాలంలో ఇంటి హీటర్ ఆన్ చేయగానే గాలి ఎలా పొడిబారుతుందో మన పెదాలకే తెలుస్తుంది, ఆ రోజుల్లో జాలీ మూత ఉన్న ట్యాంక్‌లో తేమ నిలబెట్టాలంటే పొద్దున్న, సాయంత్రం నీళ్లు పోస్తూ ఉండాల్సిందే. తేమ చాలకపోతే కుబుసం మేజోడులా ఒక్క ముక్కలో రాదు, పేలికలుగా ఊడుతుంది, కంటి మీది పొర అలాగే ఉండిపోవచ్చు. ఆ పొరని మాత్రం గోటితోనో ట్వీజర్‌తోనో లాగకండి, తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా ఆగండి, అప్పటికీ రాకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంకొకటి, ట్యాంక్ తెరిచేది పైనుంచి. అడవిలో పామును పట్టుకుపోయే గద్దలు, డేగలు వచ్చేది కూడా పైనుంచే. మూత తీసి చెయ్యి దించగానే కొత్త పాము తల వెనక్కి లాక్కుని, ఒళ్లంతా దాని చుట్టూ చుట్టేసుకుని గట్టి బంతిలా అయిపోతుంది, ఊపిరికి పక్కలు ఎగసిపడటం కనిపిస్తుంది. దానికి ఆ పేరు వచ్చిందే అందువల్ల. చూడముచ్చటగా ఉందని ఫోటోలు తీస్తారు, అది భయమండీ.

ఇప్పటికే ట్యాంక్ కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. మూడు పక్కలా బయటినుంచి నల్ల చార్ట్ పేపర్ అంటించండి, దీపం ఉన్న చోటు, గాలికి కాస్త చోటు వదిలి జాలీని అల్యూమినియం ఫాయిల్‌తో కప్పండి, కింద కొబ్బరి పీచు పొట్టు రెండు మూడు అంగుళాలు పరవండి, మిగతా ఖాళీని ప్లాస్టిక్ ఆకులతో, అట్ట గొట్టాలతో నింపేయండి. పనిచేస్తుంది. కాకపోతే ఇదంతా చేశాక చూస్తే మీరు గాజు ట్యాంక్‌ని, మూడు పక్కలా మూసి ఉండే పీవీసీ (గట్టి ప్లాస్టిక్) పెట్టెలా మార్చారన్నమాట.

ప్లాస్టిక్ టబ్ అంటే చాలామంది మొహం చిట్లిస్తారు, బట్టలు దాచుకునే డబ్బాలో ప్రాణిని పెట్టడమేంటని. కానీ మీరు బ్రీడర్ (పాముల్ని పెంచి అమ్మేవాళ్ల) దగ్గర కొన్న పిల్ల పాము చాలావరకు గుడ్డులోంచి వచ్చినప్పటినుంచీ అలాంటి టబ్‌లోనే పెరిగి ఉంటుంది, కాబట్టి దానికది పరిచయమున్న చోటే. చీకటిగా ఉంటుంది, తేమ నిలుస్తుంది, ఖర్చు తక్కువ. అడుగున మూడో వంతు మేర థర్మోస్టాట్‌కి కలిపిన హీట్ మ్యాట్ పెడితే గూట్లోనే వెచ్చదనం కూడా దొరుకుతుంది. ముఖ్యంగా ఇంట్లో ఇంకో పాము ఉంటే కొత్తదాన్ని వేరే గదిలో టబ్‌లో పెట్టి, కింద తెల్ల పేపర్ టవల్ పరవడాన్ని మించిన పద్ధతి లేదు. ఒంటిని పట్టుకుని ఉన్న మైట్లు (రక్తం పీల్చే చిన్న పురుగులు) నల్ల చుక్కల్లా ఆ తెల్ల కాగితం మీద కనబడిపోతాయి, విరేచనం ఎలా ఉందో తెలుస్తుంది.

దీని ఇబ్బందులు దీనికీ ఉన్నాయి. పైనుంచి వేడినిచ్చే హీటర్లు పెట్టలేం, ప్లాస్టిక్ కరిగిపోతుంది, కాబట్టి గది చల్లబడితే లోపలి గాలీ చల్లబడుతుంది. గాలి రంధ్రాలు సరిపోకపోతే గోడలకి నీటి చుక్కలు పడతాయి, అడుగంతా తడిసి అలాగే ఉంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వస్తుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మూత క్లిప్పులు బలంగా లేకపోతే తలతో నెట్టుకుని బయటికొచ్చేస్తుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, లోపల ఏముందో కనబడదు కాబట్టి పిల్లలు గంటకోసారి మూత తీస్తారు. పాము కుదురుకోవాలని పెట్టిన చోటే దాన్ని కుదురుకోనివ్వకపోతే టబ్ వల్ల ఉపయోగం ఏముంది? పైగా ఇది ఇరవై ముప్ఫై ఏళ్లు బతికే జీవి. సెయింట్ లూయిస్ జూలో 1961 నుంచి ఉన్న ఆడ బాల్ పైథాన్ ఒకటి 2020లో గుడ్లు పెట్టింది, అప్పటికి దానికి అరవై దాటాయని అంచనా. అన్నేళ్లు బతకగల ప్రాణిని ఒళ్లు చాచుకోలేని డబ్బాలో ఉంచేయడం నాకు మనసొప్పదు. మొదటి రెండు మూడు నెలలకైతే సరే, జన్మంతా అక్కడే అంటే మాత్రం ఒప్పుకోను.

ఇక పీవీసీ పెట్టె. నా ఓటు దీనికే, మా పాము ఉండేది కూడా ఇందులోనే. మూడు పక్కలూ, పైనా కప్పు ఉంటుంది, ముందువైపు మాత్రమే అద్దం తలుపులు. సిరామిక్ హీటరో హీట్ ప్యానెలో లోపలి కప్పుకి బిగించి చుట్టూ జాలీ పెడితే వేడి అక్కడే ఉంటుంది, ఒకసారి నీళ్లు పోస్తే పొట్టు రోజుల తరబడి తేమగా ఉంటుంది. చెయ్యి పక్కనుంచి వస్తుంది, పాము దాన్ని ముందే చూస్తుంది, నాలుకతో వాసన పడుతుంది, ముద్దగా ముడుచుకోదు.

పెద్దపాముకి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు పెట్టె కావాలంటారు. పిల్లపామును అంత పెద్దదాంట్లో పెడితే భయపడుతుందని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. పుట్ట చుట్టూ ఉన్న అడవేమీ చిన్నది కాదు కదా. పాముని భయపెట్టేది ఖాళీ జాగా. రెండు హైడ్‌లకి తోడు మధ్యలో ఆకులు, బెరడు ముక్కలు దట్టంగా వేసి, ఒక హైడ్ నుంచి ఇంకో హైడ్‌కి ఎక్కడా బయటపడకుండా వెళ్లేలా చేస్తే పిల్లపాము కూడా హాయిగా తిరుగుతుంది. మా పాము ఇంటికొచ్చాక మొదటిసారి తిన్నది వెచ్చని వైపు హైడ్‌లోంచే. గది లైటు తీసేసి, ఫ్రీజర్‌లోంచి తీసి వేడి నీళ్లలో వెచ్చబెట్టిన చచ్చిన ఎలుకని పొడుగు పటకారుతో ద్వారం ముందు పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు, తర్వాత ముక్కు ఒక్కటే బయటికొచ్చింది. నాలుక నెమ్మదిగా ఆడింది, మెడ కొంచెం కొంచెంగా ఎస్ ఆకారంలోకి వంగింది, ఆ తర్వాత ఎప్పుడు అందుకుందో కూడా కనబడలేదు, ఎలుకతో సహా గూట్లోకి వెళ్లిపోయి చుట్టేసింది. పై పెదవి మీది చిన్న గుంటలతో అది వేడిని పసిగడుతుంది, అందుకే ఎలుక తల వైపు వంద ఫారెన్‌హీట్ దాకా వెచ్చబడాలి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి.

పీవీసీకి ఉన్న లోటు డబ్బు. పెట్టె, హీటర్, థర్మోస్టాట్, షిప్పింగ్ అన్నీ కలిపి కొన్ని వందల డాలర్లు అవుతుంది, ఆర్డర్ ఇచ్చాక వారాల తరబడి ఎదురుచూడాలి. అందుకే పామును కొనకముందే పెట్టె తెప్పించుకోమంటాను. అద్దాల తలుపులకి తాళం తప్పనిసరి. చెక్క పెట్టెలు తేమకి ఉబ్బుతాయి, జాలీ కేజ్‌లు ఊసరవెల్లులకి, ఆ రెంటి గురించి ఇంతే.

ఏ ఇంట్లో పెట్టినా మొదటి వారం నీళ్లు మార్చడం తప్ప చెయ్యి పెట్టొద్దు. అయిదారు రోజులయ్యాక తిండి పెట్టి చూడండి, బ్రీడర్ ఏం పెట్టేవాడో అదే, అదే సైజులో. తినకపోతే రోజూ ప్రయత్నించకుండా వారం ఆగండి. వరసగా మూడు నాలుగుసార్లు తిన్నాకే చేతిలోకి తీసుకోవడం, అదీ తిన్న రెండు రోజుల తర్వాత, పది నిమిషాలు. వారానికోసారి వంటింటి తూకం మీద బరువు చూడండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దపాము నెలల తరబడి తినకపోయినా తట్టుకుంటుంది, పిల్లపాము అంత తట్టుకోలేదు. బరువు పదో వంతు తగ్గితే రెప్టైల్స్ చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

హైదరాబాద్, విజయవాడ నుంచి అడిగినవాళ్లకి ఒక్క మాట. మన కొండచిలువ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, పొలంలో దొరికిందని పిల్లనైనా ఇంట్లో పెట్టుకోకూడదు, అటవీ శాఖకి అప్పగించాలి. బాల్ పైథాన్ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలోది, ఆ చట్టానికి 2022లో వచ్చిన సవరణ తర్వాత అలాంటివాటిని కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేకుండా అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

ఇప్పుడు టబ్‌లో పెట్టి తర్వాత పీవీసీకి మార్చాలనుకునేవాళ్లు కొత్త పెట్టెని రెండు మూడు రోజులు ఖాళీగానే నడిపి వేడి, తేమ నిలుస్తున్నాయో లేదో చూసుకోండి. కళ్లు నీలంగా మసకబారాయంటే కుబుసం దగ్గరపడిందని అర్థం, ఆ వారం కదపకండి. పాత హైడ్‌లని కడక్కుండా వాటి వాసనతోనే తీసుకెళ్లి పెట్టండి, మైట్లు ఏమీ లేవని తేలితేనే సుమా. మార్చిన రోజు నుంచి మొదటి వారం నియమాలన్నీ మళ్లీ మొదలు.