కీబోర్డా, తంబూరా, యాపా? తేడా గాంధారం దగ్గర తెలుస్తుంది

తిరుపతిలో పిల్లల్ని సంగీతంలో చేర్చే తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఇదే: ఇంట్లో సాధనకి కీబోర్డు కొనాలా, తంబూర కావాలా, ఫోన్లో తంబూర యాప్ చాలదా? ఖర్చు సంగతి తర్వాత, ముందు చెవి సంగతి చూద్దాం.

కీబోర్డు స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, 12 సమాన భాగాలు చేస్తుంది. ఒక్కో భాగం 100 సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత). పంచమం (ప) దగ్గర తంబూరకీ దీనికీ తేడా 2 సెంట్లే, ఎవరికీ పట్టదు. చిక్కంతా గాంధారంతోనే. తంబూర బాగా శ్రుతి కలిస్తే షడ్జం (స) తీగలోంచే అంతర గాంధారం (గ రకాల్లో పైది) వినబడుతుంది. దాన్ని స్వయంభూ స్వరం అంటారు. షడ్జం 240 హెర్ట్జ్ అనుకుంటే ఆ గాంధారం 300. కీబోర్డు మీద నొక్కితే 302.4, అంటే 14 సెంట్లు హెచ్చు. రెండూ ఒకేసారి మోగితే సెకనుకి రెండుసార్లకు పైగా నాదం ఊగుతుంది.

ధైవతం సంగతి ఇంకా తమాషా. షడ్జానికి 5/3 రెట్లు అనుకుంటే 400, 27/16 రెట్లు అనుకుంటే 405. మధ్య దూరం 81/80, సుమారు 22 సెంట్లు. పాత శాస్త్రాల్లో శ్రుతికి కొలతగా చెప్పిన ప్రమాణ శ్రుతి ఇదేనని చాలామంది అంటారు. కీబోర్డు మాత్రం ఎటూ కాకుండా 403.6 దగ్గర ఆగుతుంది.

స్వరాన్ని ఊపుతూ పాడే గమకాల సంగీతంలో ఇవన్నీ దేనికి అనొచ్చు. తోడి రాగంలో గాంధారానికి సెంట్ల లెక్క ఎవరూ వెయ్యరు, నిజమే. కానీ తొలి పాఠాలైన సరళీ స్వరాలు మొదలయ్యేదే మాయామాళవగౌళ రాగంలో. అందులో పిల్ల అంతర గాంధారం మీద గమకం లేకుండా నిలబడాలి. చెవి కుదిరేది అక్కడే.

అలాగని తొలి ఏడాదే తంబూర కొనమనను. తీగకున్న పూస జరిపి శ్రుతి చేసుకోవడం పిల్లలకి చేతకాదు, మా ఊరి ఎండలకి తీగలు ఊరికే దిగిపోతాయి. యాప్ చాలు, కాకపోతే ఫోన్ స్పీకరులో మంద్ర షడ్జం (కింది స) సరిగా వినబడదు, పెద్ద స్పీకరుకి తగిలించండి. భజన గోష్ఠిలో పదిమంది కలిసి అన్నమయ్య కీర్తన అందుకునేటప్పుడు హార్మోనియమో కీబోర్డో ఉంటేనే మేలు, అక్కడ తంబూర ఎవరికీ వినబడదు.

కీబోర్డు ఇప్పటికే కొనేసి ఉంటే స, ప మాత్రం నొక్కిపెట్టి పాడించండి. గ ఎక్కడుందో దాని దగ్గర నేర్చుకోనివ్వకండి.