2021 నుంచి ఫోన్‌లోనే వెబ్ ప్రోగ్రామింగ్: టెర్మక్స్ వాడకం

2021లో, డిగ్రీ చివరి ఏడాదిలో నా లాప్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. రిపేరుకి అడిగిన డబ్బుకి ఇంకాస్త కలిపితే పాతదొకటి కొనుక్కోవచ్చు, కానీ ఆ కాస్తా ఇంట్లో లేదు. చేతిలో ఉన్నది 4 జీబీ ర్యామ్ ఆండ్రాయిడ్ ఫోన్. దాంట్లో టెర్మక్స్ వేసుకుని కాలేజీ ప్రాజెక్టు పూర్తి చేశాను. ఇప్పుడు ఆఫీసువాళ్లు ఇచ్చిన లాప్‌టాప్ ఉంది. అయినా నా సొంత పనులన్నీ ఇంకా ఫోన్‌లోనే, చాలావరకు ఊరెళ్లే బస్సులో.

టెర్మక్స్ అంటే ఆండ్రాయిడ్ మీద నడిచే లినక్స్ టెర్మినల్, అంటే కమాండులు టైప్ చేసి పని చేయించుకునే తెర. ఫోన్ రూట్ చెయ్యక్కర్లేదు, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోనక్కర్లేదు. గిట్, నోడ్, పైథాన్, పీహెచ్‌పీ, మరియాడీబీ లాంటి ప్రోగ్రామింగ్ పరికరాల్లో ఏది కావాలన్నా ఒక్క కమాండుతో దిగుతుంది. సర్వర్ లేపి, క్రోమ్‌లో లోకల్‌హోస్ట్ 3000 (ఈ ఫోన్‌లోని సర్వర్ చిరునామా) తెరిస్తే మన పేజీ వచ్చేస్తుంది. రూట్ లేదు కాబట్టి వెబ్‌సైట్లు మామూలుగా వాడే 80 పోర్టు దొరకదు, అంతే.

దీన్ని ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్‌సోర్స్ యాప్ స్టోర్ నుంచే దింపుకోండి. ఆండ్రాయిడ్ 10ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లు తమ ఫోల్డర్‌లోకి దింపిన ప్రోగ్రాముల్ని నేరుగా నడపకూడదన్న నియమం వచ్చింది. టెర్మక్స్ చేసే పనే అది. అందుకే 2020లో ప్లే స్టోర్‌లో అప్‌డేట్లు ఆగిపోయాయి. తర్వాత మళ్లీ వచ్చింది గానీ అది విడిగా తయారుచేసిన వేరే రూపం. ఈ సంగతి తెలియక నేను ప్లే స్టోర్‌లోని పాతదానితో మొదలుపెట్టాను. ప్లే స్టోర్‌దానికీ ఎఫ్-డ్రాయిడ్‌దానికీ డిజిటల్ సంతకాలు వేరు కాబట్టి ఒకటి తీసేస్తేనే రెండోది ఎక్కుతుంది. తీసేశాను. యాప్‌తో పాటు దాని హోమ్ ఫోల్డర్ మొత్తం పోయింది, నేను గిట్‌తో ఆన్‌లైన్‌కి పంపకుండా (పుష్ చెయ్యకుండా) ఉంచుకున్న పదకొండు రోజుల పనితో సహా. ఆ రోజు నుంచి పడుకునే ముందు గిట్ పుష్ చెయ్యనిదే ఫోన్ పక్కన పెట్టను.

కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునే చోటు ఇంకొకటుంది. ప్రాజెక్టుని డౌన్‌లోడ్స్ పక్కన, అంటే ఫోన్ మామూలు స్టోరేజీలో పెట్టి, నోడ్ ప్యాకేజీల్ని దింపే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కమాండు కొడతారు. అక్కడ సిమ్‌లింకులు (వేరే ఫైలుకి దారి చూపే లింకులు) కుదరవు, ఎర్రర్ల వరద వస్తుంది. ప్రాజెక్టు టెర్మక్స్ హోమ్‌లోనే ఉండాలి.

ఆండ్రాయిడ్ 12 నుంచి మరో చిక్కు మొదలైంది. యాప్‌లు పుట్టించే పిల్ల ప్రాసెస్‌లు అన్నీ కలిపి 32 దాటితే సిస్టమ్ వాటిని చంపేస్తుంది. బిల్డు, అంటే రాసిన కోడ్‌ని సిద్ధం చేసే పని, నడుస్తూ నడుస్తూ ‘సిగ్నల్ 9’ అని ఆగిపోతే కారణం చాలాసార్లు ఇదే. ఆండ్రాయిడ్ 14లో డెవలపర్ ఆప్షన్లలోనే ఈ పరిమితి తీసేసే మీట ఉంది. బ్యాటరీ ఆప్టిమైజేషన్ కూడా టెర్మక్స్ వరకు ఆపెయ్యాలి.

టైపింగ్‌కి వాల్యూమ్ తగ్గించే బటన్ కంట్రోల్ కీలా పనిచేస్తుంది. రెండు వారాల్లో అలవాటైంది. తెలుగు మాత్రం టెర్మినల్‌లో సరిగా కనపడదు. అక్షరానికొక గడి లెక్కన పేర్చుకుపోతుంది కాబట్టి గుణింతాలు, ఒత్తులు చెదిరిపోతాయి. తెలుగు ఉన్న ఫైళ్లు వేరే ఎడిటర్‌లో తెరుస్తాను.

ఇన్ని ఇబ్బందులున్నా ఫోన్ వదలకపోవడానికి కారణం మా బాబాయి ఎరువుల కొట్టు. ఖాతా పుస్తకం బదులు వాడుకోడానికి ఆయనకొక పేజీ రాసిచ్చాను. నా ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఆయన ఫోన్‌ని దానికి కలిపి, నా ఐపీ చిరునామా కొట్టించాను. ఎక్కడికీ అప్‌లోడ్ చెయ్యకుండానే పేజీ ఆయన చేతిలో తెరుచుకుంది. నిమిషం తిరక్కుండానే, “ఒరేయ్, అంకె వెయ్యాల్సిన ప్రతిసారీ కీబోర్డు మార్చుకోవాలేంట్రా?” అన్నాడు. ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అని ఒక్క మాట చేర్చి, “మళ్లీ తెరువు బాబాయ్” అన్నాను. అంకెలే వచ్చాయి. పద్దు రాస్తుంటే ‘జమ’ బటన్ కీబోర్డు వెనక్కి పోతోంది. 2022లో వచ్చిన క్రోమ్ 108 నుంచి కీబోర్డు లేచినా పేజీ ఎత్తు తగ్గదు. వ్యూపోర్ట్ మెటా ట్యాగులో ఇంటరాక్టివ్-విడ్జెట్‌కి రీసైజెస్-కంటెంట్ అని పెడితే బటన్ పైకి వచ్చింది. ‘లక్ష్మి’, ‘స్త్రీ’ లాంటి మాటల అడుగు ఒత్తులు బటన్ల అంచున తెగుతున్నాయి. లైన్-హైట్ (వరస ఎత్తు) 1.2 ఇంగ్లీషుకి చాలింది, తెలుగుకి 1.6 చెయ్యాల్సొచ్చింది. 100 వీహెచ్ (తెర పూర్తి ఎత్తు) అని రాసిన చోట పేజీ అడుగుభాగం అడ్రస్ బార్ ఉన్నంతసేపూ కనపడేది కాదు, బార్‌ని బట్టి మారే డీవీహెచ్‌కి మార్చాను.

లాప్‌టాప్ స్క్రీన్ మీద బ్రౌజర్ కిటికీ ఇరుకు చేసి చూసుకుంటే వీటిలో సగం నా కంటపడేవి కావు. బొటనవేలు ఎక్కడికి అందుతుందో, ఎండలో లేత బూడిద అక్షరాలు ఎంత మాయమవుతాయో ఫోన్‌లో రాస్తున్నప్పుడే తెలిసింది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో డెవ్‌టూల్స్ (పేజీలో తప్పులు వెతికే పరికరాలు) లేవుగా అంటారేమో, ఎరుడా అనే స్క్రిప్టు పేజీలో ఒక్క లైనుగా చేర్చండి. కన్సోల్, నెట్‌వర్క్ అన్నీ పేజీలోనే తెరుచుకుంటాయి.

ప్రోగ్రాముల్ని విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ కావాలంటే ఇది పనికిరాదు, రూట్ లేని ఫోన్‌లో అది నడవదు. నోడ్‌లో సీ++ కోడ్ కంపైల్ అవ్వాల్సిన ప్యాకేజీలు కొన్ని మొండికేస్తాయి. పెద్ద టైప్‌స్క్రిప్ట్ ప్రాజెక్టుకి 4 జీబీ ర్యామ్ చాలదు, అలాంటివి ఆఫీసు లాప్‌టాప్ మీదే చేస్తాను. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్నవాళ్లకి, నోడ్‌తోనో పీహెచ్‌పీతోనో చిన్న సైట్లు కట్టేవాళ్లకి మాత్రం లాప్‌టాప్ కొనేదాకా ఆగొద్దనే చెబుతాను. ఓటీజీ కేబుల్‌తో మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోండి, మెడ నొప్పి రాకుండా ఫోన్‌ని కంటి ఎత్తులో దేనికైనా ఆనించండి. నేనైతే మా అమ్మ పోపుల డబ్బాకి ఆనిస్తాను.