“ఒరిజినల్ లెదర్ ఆయిల్” అని అమ్మే సీసాతో జాగ్రత్త

లెదర్ వాసన ఇష్టపడి సెంట్లు, అత్తర్లు కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. “నేరుగా తోలు నుంచి తీసిన నూటికి నూరు శాతం నేచురల్ ఆయిల్” అంటూ ఆన్‌లైన్‌లో చిన్న సీసాలు అమ్ముతున్నారు. మా తమ్ముడి పుట్టినరోజుకని ఒకటి తెప్పించాను. 1,800 రూపాయలు పోతే పోయాయి, రాసుకున్న సాయంత్రానికే వాడి మెడ కందిపోయి, మర్నాటికి పొక్కులొచ్చాయి. స్కిన్ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చింది.

అసలు తోలు నుంచి సెంటు నూనె తీయరు. గులాబీ, వట్టివేరు బట్టీ పెట్టి అత్తరు తీసినట్టు తోలుతో చేసేదేమీ లేదు. పెర్‌ఫ్యూమ్‌లో మనకు తగిలే ఆ వాసన కొన్ని దినుసులు కలిపి తయారుచేసేది. పూర్వం రష్యాలో తోలు పాడవకుండా బర్చ్ చెట్టు బెరడు నుంచి తీసిన తారు నూనె పట్టించేవారు. ఆ పొగ వాసనే యూరప్ వాళ్ల ముక్కుకి లెదర్ వాసనగా అలవాటైపోయింది. అందుకే పాత లెదర్ సెంట్లలో బర్చ్ తారు కనిపిస్తుంది. దానికి తోడు లాబ్డానమ్ అనే పొద బంక, స్టైరాక్స్ అనే చెట్టు బంక, ఐసోబ్యుటైల్ క్వినోలిన్ అనే రసాయనం. పారిస్‌లో జెర్మేన్ సెలియే అనే పెర్‌ఫ్యూమర్ 1944లో చేసిన ‘బాండిట్’ సెంటుకి ఆ చేదు, ఘాటు ఈ క్వినోలిన్ వల్లే వచ్చాయి. ల్యాబ్‌లో చేసినదంటే తక్కువ రకమని కాదు, మంచి లెదర్ సెంట్లన్నీ ఇలా పుట్టినవే. నా కోపం అబద్ధం చెప్పి అమ్మడం మీద.

మాకొచ్చిన సీసా మూత తీయగానే రోడ్డు వేసేటప్పుడు వచ్చే తారు వాసన గుప్పుమంది. చిక్కగా, నల్లగా, పుల్ల ముంచితే తీగలా సాగింది. టిష్యూ మీద చుక్క వేస్తే చుట్టూ గోధుమరంగు జిడ్డు వలయం. చొక్కా కాలరుకి అంటిన మరక ఎన్ని ఉతుకులకీ వదల్లేదు. లేబుల్ మీద తయారీదారు పేరు లేదు, ఊరు లేదు, బ్యాచ్ నంబరు లేదు.

నాకైతే అది శుద్ధి చేయని బర్చ్ తారే అనిపిస్తోంది. అదే అయితే మామూలు విషయం కాదు. కచ్చా బర్చ్ తారును సెంట్లలో వాడకూడదని అంతర్జాతీయ పరిమళ సంఘం ఇఫ్రా నిబంధన. అందులో బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలుంటాయి. శుద్ధి చేసిన తారునైనా అవి దాదాపు మిగలకుండా చూసుకునే వాడాలి.

అమ్మినతన్ని అడిగితే అత్తర్లకు పేరుపొందిన ఉత్తరప్రదేశ్ ఊరు కన్నౌజ్ కథ ఎత్తుకున్నాడు. కన్నౌజ్‌లో అత్తరును తోలు కుప్పీల్లో పోసి ఉంచడం నిజమే. అందులో మిగిలిన నీటి తేమ పోవడానికి చేసే పని అది. అంతమాత్రాన తోలు నూనె ఎలా అవుతుంది? ఆ మాటే అడిగాను. “నేచురల్ కదా మేడమ్, కొందరికి పడదు” అని చెప్పి బ్లాక్ చేసేశాడు.

మీరు కొనాలనుకుంటే ముందు ఇందులో ఏం కలిపారని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు “లెదర్ అకార్డ్” (లెదర్ వాసన వచ్చేలా దినుసులు కలిపిన మిశ్రమం) అంటారు, ఇఫ్రా సర్టిఫికెట్ అడిగితే పంపుతారు. “అసలు తోలు నుంచి” అన్నారంటే ఇక మాటలు పెంచకండి. ఏ గాఢమైన నూనెనీ నేరుగా ఒంటికి రాయొద్దు. పల్చన చేసి, మోచేతి మడత దగ్గర కొంచెం రాసి, ఒక రోజు ఆగి చూడండి.

మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆన్‌లైన్ సైటుకీ రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నాకు ఫిర్యాదు నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు. ఇలాంటి సీసా ఇప్పటికే కొన్నవాళ్లు దాన్ని వాడకండి, కోపంలో పారేయకండి కూడా. సీసా, బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు, దద్దుర్లొస్తే వాటి ఫోటోలు, డాక్టర్ చీటీ అన్నీ దాచి ఉంచండి. ఫిర్యాదుకి అడిగేది వాటినే.