మొదటి బైనాక్యులర్: 8×42 పోరోనా, రూఫా?

పక్షులు చూడటం మొదలుపెట్టేవారు బైనాక్యులర్ కొనబోతూ ముందుగా అడిగేది, "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. అమ్మేవారికీ ఆ ప్రశ్నే ఇష్టం. అందుకే 20×50లు, జూమ్ రకాలు చౌకగా కుప్పలుతెప్పలుగా దొరుకుతాయి. వాటి జోలికి వెళ్లకండి. పిట్టతోపాటు మన చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. జేబులో పట్టే 10×25 కూడా వద్దు, తెల్లవారుజామున అది చీకటిగా ఉంటుంది.

ఇక మిగిలేవి 8×42, 10×50. మొదటి అంకె ఎన్ని రెట్లో చెబుతుంది, రెండోది ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు కట్ట వెడల్పు తెలుస్తుంది. 8×42కు 5.25, 10×50కు 5. అంత పెద్ద అద్దాలు మోసినా వెలుతురులో ఒరిగేది లేదన్నమాట. నికాన్ కంపెనీ మోడల్ ఆక్యులాన్‌లోనే చూడండి: 8×42 బరువు 755 గ్రాములు, 10×50 దాదాపు 900. వెయ్యి మీటర్ల దూరంలో మొదటిది 140 మీటర్ల వెడల్పు చూపిస్తే, రెండోది 114 దగ్గరే ఆగుతుంది. చింతకొమ్మల్లో నిమిషం నిలవని తేనెపిట్టను వెతికేటప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది. కొత్తవారు పిట్టను అద్దాల్లోకి తెచ్చుకోవడానికే తంటాలు పడతారు, ఈకల వివరాలు ఆ తర్వాతి సంగతి. పులికాట్ ఒడ్డున నిలబడి దూరపు ఫ్లెమింగోలనే చూస్తామనేవారికి 10×50 పనికొస్తుంది, అదీ మోచేతులకు ఏదైనా ఆనుడు ఉంటే. మిగతా అందరికీ 8×42 మేలు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. పోరో అంటే భుజాలు బయటికి ఉబ్బి ఉండే పాతకాలపు ఆకారం. రూఫ్ రకానికి గొట్టాలు తిన్నగా ఉంటాయి, చూడటానికి అందంగా ఉంటుంది. రెండింటిలోనూ తలకిందులైన బొమ్మను నిటారుగా నిలిపేది లోపలి గాజు పట్టకం (ప్రిజం). కానీ రూఫ్ పట్టకంలో వెలుగు రెండుగా చీలి మళ్లీ కలుస్తుంది. ఆ కలయికలో పోయే స్పష్టతను నిలపడానికి ఫేజ్ కోటింగ్ అనే పూత కావాలి, చౌక రూఫ్‌లలో చాలావాటికి అది ఉండదు. పోరోకు ఆ పూత అవసరమే లేదు. కాబట్టి తక్కువ డబ్బుకు మంచి బొమ్మ కావాలంటే పోరో.

అయితే బొమ్మ ఒక్కటే చూసి కొనలేం. పైన చెప్పిన ఆక్యులాన్ 8×42 పోరో రకమే, అది నీటికి ఆగదు. అయిదు మీటర్లకంటే దగ్గరున్నదాన్ని స్పష్టంగా చూపించదు. కంటికీ అద్దానికీ మధ్య అది ఇచ్చే ఎడం 12 మిల్లీమీటర్లే. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే అంచులన్నీ కోతపడి, మధ్యలో గుండ్రటి ముక్క మాత్రమే మిగులుతుంది. అదే కంపెనీ రూఫ్ రకం ప్రోస్టాఫ్ పీ3 8×42లో ఆ ఎడం 20 మిల్లీమీటర్లు. బరువు 565 గ్రాములే, నీరు చొరకుండా మూసి లోపల నైట్రోజన్ నింపి ఉంటుంది కాబట్టి తేమ చేరదు, మూడు మీటర్ల దూరంలోనిదీ తేటగా కనిపిస్తుంది. ధర మాత్రం ఎక్కువ, చూపు వెడల్పు కాస్త తక్కువ.

కళ్లద్దాలున్నవారు ఇంత ఆలోచించనక్కర్లేదు, రూఫ్ తీసుకోవచ్చు. కొల్లేరు, నేలపట్టు వైపు ఉండేవారూ అంతే. ఆ తేమలో, గాలి చొరకుండా మూసి ఉండని బైనాక్యులర్ లోపలి అద్దాలకు బూజు పడితే దాన్ని వదిలించడం ఖర్చుతో కూడిన పని. కళ్లద్దాలు లేకుండా, అమీన్‌పూర్ చెరువు లాంటి చోట ఎండకాసే ఉదయాల్లో తిరిగేవారికి నేను పోరోనే చెబుతాను, మిగిలిన డబ్బుతో మంచి పక్షుల పుస్తకం కొనుక్కోవచ్చు. పాత పోరోల్లోనూ మంచి సరుకు ఉంటుంది, కానీ ముందు వైపు నుంచి టార్చి వేసి లోపల సాలెగూడులాంటి మచ్చలున్నాయేమో చూడాలి.

కొత్తదైనా పాతదైనా ఒక పరీక్ష తప్పదు. ముందు రెండు గొట్టాల మధ్య ఎడం మీ కళ్లకు సరిపెట్టుకోండి. ఎడమ కన్నుతో చూస్తూ మధ్య చక్రం తిప్పి, తర్వాత కుడి కన్నుతో చూస్తూ డయాప్టర్ (ఒక్క కంటికే చూపు సరిచేసే చిన్న చక్రం) తిప్పి సరిచేసుకోండి. ఆ తర్వాత దూరపు కరెంటు స్తంభాన్ని చూడండి. రెండు స్తంభాలుగా కనిపిస్తున్నా, కాసేపటికే కళ్లు లాగుతున్నా ఆ పీసును తిరిగి ఇచ్చేయండి.